రక్తం తక్కువంటే టానిక్ ఒక్కటే కాదు: రక్తం జబ్బుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

"రక్తం తక్కువగా ఉందన్నారు, టానిక్ రాశారు." మన ఇళ్లలో చాలా రక్తం జబ్బుల కథ ఈ ఒక్క మాట దగ్గరే ఆగిపోతుంది. ఎందుకు తక్కువైందని డాక్టర్ని అడిగేవాళ్లు తక్కువ, అడక్కపోయినా చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. జనం మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు కింద ఉన్నాయి. మందుల డోసులు మాత్రం ఇందులో వెతక్కండి, అవి మిమ్మల్ని చూసిన డాక్టరు చెప్పాల్సినవి.

రక్తం తక్కువ అంటే ఒంట్లో రక్తం తగ్గిపోయిందనా?

సాధారణంగా కాదు. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది, అది చాలావరకు అలాగే ఉంటుంది. తగ్గేది ఎర్ర కణాల్లో ఉండే హిమోగ్లోబిన్, అంటే ఆక్సిజన్‌ని మోసే పదార్థం. డెసిలీటరు రక్తంలో ఆడవాళ్లకి 12 గ్రాములు, గర్భిణులకి 11, మగవాళ్లకి 13 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి ఇది ఉంది. ఇంతమందికి ఉంది కాబట్టే మామూలే అనుకుంటున్నాం. జ్వరం లాగే రక్తహీనత కూడా ఒక లక్షణం, దాని వెనక ఏదో ఒక కారణం ఉంటుంది.

నాకు 8 ఉందన్నారు, కానీ పనులన్నీ చేసుకుంటున్నాను. రిపోర్టు తప్పేమో?

తప్పు కాకపోవచ్చు. నెలల తరబడి మెల్లగా తగ్గితే ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది, గుండె కాస్త వేగంగా కొట్టుకుని సర్దుకుంటుంది. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి నీరసం, జుట్టు రాలడం, కూర్చుని లేస్తే కళ్లు తిరగడం, ఇవన్నీ వయసు మీదో పని మీదో తోసేస్తాం. ఇంకో గుర్తు ఉంది, సిగ్గుపడి ఎవరూ చెప్పరు: బలపాలు, సుద్దముక్కలు, పచ్చి బియ్యం, మట్టి తినాలనిపించడం. పిల్లలు బలపాలు తింటున్నారని కొడతారు గానీ అది చాలాసార్లు ఐరన్ లోపానికి గుర్తు. ఐరన్ సరిపడా అందాక ఆ కోరిక దానంతటదే పోతుంది.

సీబీపీ రిపోర్టులో హిమోగ్లోబిన్ ఒక్కటి చూస్తే చాలదా?

చాలదు. సీబీపీ అంటే రక్త కణాలన్నిటినీ లెక్కపెట్టే పరీక్ష. అందులో హిమోగ్లోబిన్ కిందే ఎంసీవీ అని ఒక అంకె ఉంటుంది, ఎర్ర కణం సైజు ఎంతో అది చెబుతుంది. మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉండాలి. 80 కంటే తక్కువ ఉంటే ఐరన్ లోపమో, తలసేమియా (హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని, వంశంలో వచ్చే జబ్బు) క్యారియరో, అంటే ఆ లోపమున్న జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లో, అయ్యే అవకాశం ఎక్కువ. 100 దాటితే బీ12, ఫోలిక్ యాసిడ్ లోపం, థైరాయిడ్, మద్యం, కాలేయం జబ్బు, ఇలాంటివి చూడాలి. సైజు మామూలుగానే ఉండి హిమోగ్లోబిన్ తగ్గితే కిడ్నీలు, దీర్ఘకాలిక జబ్బులు గుర్తుకు రావాలి. తర్వాత తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు చూడండి. మూడూ కలిసి పడిపోతే అది టానిక్‌తో గడిపేసే విషయం కాదు, ఆలస్యం చేయకండి. ఐరన్ నిల్వ ఎంతుందో తెలియాలంటే ఫెరిటిన్ పరీక్ష వేరే చేయించాలి.

బీట్‌రూట్, దానిమ్మ తింటే రక్తం పడుతుందా?

రంగు చూసి మోసపోవద్దు. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ 1 మిల్లీగ్రాము కూడా ఉండదు, దానిమ్మలో ఇంకా తక్కువ. తినండి, మంచివే, కానీ 7 ఉన్న హిమోగ్లోబిన్‌ని జ్యూసులతో 12 చేద్దామనుకోవద్దు. మాంసం తినేవాళ్లకి కార్జం చాలా మంచిది, అందులోని ఐరన్ ఒంటికి తేలిగ్గా పడుతుంది (గర్భిణులు మాత్రం డాక్టర్ని అడిగాకే తినాలి, అందులో విటమిన్ ఏ ఎక్కువ). శాకాహారులకి తోటకూర, రాగులు, సజ్జలు, పప్పులు, నువ్వులు. వీటిలోని ఐరన్ పట్టాలంటే విటమిన్ సి తోడుండాలి, అందుకే తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి, భోజనంతో పాటు ఉసిరి, జామకాయ లాంటివి తినండి. భోజనం చేసిన వెంటనే టీ తాగే అలవాటు మానేయండి, కనీసం గంట ఆగండి.

ఇంకొకటి. రెండేళ్ల పిల్లకి అన్నం సయించట్లేదని రోజంతా పాల సీసాయే ఇస్తుంటారు. పాలలో ఐరన్ దాదాపు ఉండదు, కడుపు నిండిపోయి తిండి మానేస్తారు. రోజుకి అర లీటరు దాటనివ్వకండి.

ఐరన్ మాత్రలు పడట్లేదు, కడుపులో తిప్పుతోంది. మానేయొచ్చా?

మానేయకండి, మార్పించుకోండి. మలం నల్లగా రావడం మామూలే, భయపడొద్దు. వికారం, మలబద్ధకం ఉంటే రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు, కొంచెం తిన్నాక వేసుకోవచ్చు, ఈ మధ్య రోజు విడిచి రోజు కూడా రాస్తున్నారు. కాల్షియం మాత్రతో కలిపి మాత్రం వేసుకోవద్దు, గర్భిణులకి రెండూ ఇస్తారు కాబట్టి ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం పెట్టుకోవాలి. అసలు పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, నెల వాడి, ఓపిక రాగానే ఆపేస్తారు. హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక కూడా నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలు వాడాలి, లేకపోతే ఆర్నెల్లలో మళ్లీ మొదటికే వస్తుంది.

గవర్నమెంటు ఇచ్చే మాత్రలు పనిచేయవనే మాట కూడా వింటుంటాం. ఏఎన్‌ఎం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గర్భిణులు దాన్ని రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు వేసుకోవాలి. స్కూల్లో పెద్ద పిల్లలకి వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర కూడా అదే మోతాదు. డబ్బా అందంగా ఉండదు, అంతే.

మూడు నెలలు వాడినా పెరగలేదు. ఎందుకు?

సరిగ్గా వాడితే నెలకి కనీసం 1 గ్రాము పెరగాలి. పెరగలేదంటే మూడు నాలుగు దారులున్నాయి. ఒకటి, వచ్చింది వచ్చినట్టు బయటికి పోతోంది: నెలసరిలో అధిక రక్తస్రావం, మొలలు, కడుపులో పుండు, కొంకి పురుగులు. చెప్పుల్లేకుండా పొలాల్లో, మురికి మట్టిలో తిరిగితే ఈ పురుగులు కాళ్ల చర్మం గుండానే లోపలికి పోతాయి, పిల్లలకి ఏటా ఫిబ్రవరి, ఆగస్టుల్లో ఆల్బెండజోల్ వేసేది వీటి కోసమే. రెండు, పేగులు ఐరన్‌ని పీల్చుకోవట్లేదు. మూడు, అసలు అది ఐరన్ లోపమే కాదు, తలసేమియా క్యారియర్. నాలుగు, కిడ్నీలు. ఎర్ర కణాలు తయారుచేయమని ఎముక మజ్జకి చెప్పే హార్మోను కిడ్నీల్లోనే పుడుతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న శ్రీకాకుళం ఉద్దానం లాంటి చోట్ల "రక్తం పట్టట్లేదు" అని వచ్చినవాళ్లకి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) చూడటం అందుకే.

మా నాన్నగారికి 60 ఏళ్లు, హిమోగ్లోబిన్ 9 ఉంది. వయసు వల్లేనా?

వయసు మీద తోసేయకండి. ఈ పేజీలో ఒక్క జవాబే చదవాలంటే ఇదే చదవమంటాను. మగవాళ్లలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఐరన్ లోపం కనబడితే, వేరే కారణం తేలేదాకా లోపల ఎక్కడో రక్తం పోతోందనే అనుకోవాలి. మోకాళ్ల నొప్పులకి రోజూ మింగే నొప్పి మాత్రల వల్ల వచ్చిన పుండు కావచ్చు, మొలలు కావచ్చు, పెద్దపేగు క్యాన్సర్ కావచ్చు. ఐరన్ ఇస్తే అంకె పెరుగుతుంది, క్యాన్సర్ కూడా పెరుగుతూనే ఉంటుంది. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ అవసరమా అని డాక్టర్ని మీరే అడగండి. మాత్రలు వాడకపోయినా మలం తారులా నల్లగా, జిగటగా వస్తుంటే మాత్రం వెంటనే వెళ్లాలి.

బీ12 తక్కువ ఉందన్నారు. అది కూడా రక్తం జబ్బేనా?

రక్తానికీ నరాలకీ రెండింటికీ సంబంధించింది. బీ12 మొక్కల్లో దొరకదు, పాలు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. అందుకే శుద్ధ శాకాహారుల్లో, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లలో, గ్యాస్ మాత్రలు రోజూ మింగేవాళ్లలో లోపం ఎక్కువ. అరికాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు, నాలుక మంట ఉంటాయి. షుగరు ఉన్నవాళ్లు తిమ్మిర్లన్నీ షుగరు వల్లే అనుకుంటారు, ఒకసారి బీ12 చూపించుకుంటే పోయేదేం లేదు. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది గానీ నరాలు పాడవుతూనే ఉంటాయి.

తలసేమియా మైనర్ అని రిపోర్టు వచ్చింది. మందులేంటి?

మందులేమీ అక్కర్లేదు, ఎందుకంటే ఇది జబ్బు కాదు, మైనర్ అంటే క్యారియరే. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక లోపమున్న జన్యువు వచ్చింది, అంతే. హిమోగ్లోబిన్ 10, 11 దగ్గర ఉండి జీవితమంతా మామూలుగా గడిచిపోతుంది. మన దేశంలో 100 మందిలో 3, 4 మందికి ఇలా ఉంటుంది, చాలామందికి తెలియనే తెలియదు. ఐరన్ లోపం కూడా ఉందని ఫెరిటిన్‌లో తేలితే తప్ప ఏళ్ల తరబడి ఐరన్ మింగకండి. సీబీపీలో ఎంసీవీ బాగా తక్కువగా ఉండి, ఎర్ర కణాల సంఖ్య మాత్రం 5 మిలియన్లు దాటితే అనుమానించాలి. ఖాయం చేసేది హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష. అందులో హిమోగ్లోబిన్ ఏ2 ఎక్కువగా కనిపిస్తుంది. ఐరన్ లోపం బాగా ఉన్నప్పుడు ఈ ఏ2 తక్కువగా చూపించి మోసం చేయొచ్చు, అది కూడా గుర్తుంచుకోండి.

అసలు విషయం మీ గురించి కాదు, మీరు చేసుకోబోయే మనిషి గురించి.

అంటే పెళ్లికి ముందు పరీక్ష చేయించాలా? పెళ్లివాళ్లు ఏమనుకుంటారు?

జాతకాలు చూసుకోవడానికి మొహమాటపడని వాళ్లం దీనికెందుకు పడాలి? ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి తలసేమియా మేజర్ (తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువే వచ్చిన అసలు జబ్బు) వచ్చే అవకాశం 25 శాతం. "మొదటి బిడ్డకి వచ్చేసింది కదా, తర్వాతి ముగ్గురికీ రాదు" అనే లెక్క తప్పు, ప్రతిసారీ లెక్క మొదటి నుంచే. మేనరికాల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ, మేనమామకీ మేనకోడలికీ, బావామరదళ్లకీ ఒకే ముత్తాత దగ్గర్నుంచి అదే జన్యువు వచ్చి ఉండొచ్చు. బయటి సంబంధమైతే రాదని కూడా కాదు, తగ్గుతుంది.

పెళ్లి అయిపోయిందా? అయితే గర్భం రాకముందో, మొదటి నెలల్లోనో భార్యకి హెచ్‌పీఎల్‌సీ చేయించండి. ఆమెకి ఉందని తేలితే వారం తిరక్కుండా భర్తకి కూడా చేయించాలి. ఇద్దరికీ ఉంటే 11వ వారం దాటాక మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ పరిస్థితి తెలుసుకోవచ్చు. నిర్ణయం దంపతులది. కానీ నిర్ణయించుకునే సమయం మిగలాలంటే ఐదో నెలలో కాదు, మొదట్లోనే వెళ్లాలి. ఆడపిల్లని ఒక్కదాన్నే దోషిని చేయడం మన దగ్గర మామూలైపోయింది గానీ, మేజర్ రావాలంటే ఇద్దరి జన్యువులూ కావాలి.

తలసేమియా మేజర్ పిల్లలకి బతుకంతా రక్తం ఎక్కించాల్సిందేనా?

ఎక్కువమందికి అవును, రెండు నుంచి నాలుగు వారాలకోసారి. ఎక్కించిన రక్తంతో పాటు ఐరన్ కూడా చేరి గుండె, కాలేయాల్లో పేరుకుంటుంది, దాన్ని బయటికి పంపే మందులు రోజూ వాడాలి. రక్తం ఎక్కించి మందులు మానేసిన పిల్లలే ఎక్కువ ఇబ్బంది పడతారు. ఎముక మజ్జ మార్పిడితో పూర్తిగా నయం చేయొచ్చు, తోబుట్టువుది సరిపోయే అవకాశం 25 శాతం. హైదరాబాదులో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి ఈ పిల్లల కోసమే పనిచేస్తోంది.

సికిల్ సెల్ గిరిజనులకే వస్తుందా?

గిరిజన ప్రాంతాల్లో ఎక్కువ, వాళ్లకే అని కాదు. ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు, రంపచోడవరం వైపు ఇది తెలిసిన జబ్బే. ఎర్ర కణం గుండ్రంగా కాకుండా కొడవలిలా వంగిపోయి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది, అందుకే ఉన్నట్టుండి ఎముకల్లో, పొట్టలో, ఛాతీలో భరించలేని నొప్పి వస్తుంది. ఈ జన్యువు ఒకటే ఉన్నవాళ్లకి మలేరియా అంత తీవ్రంగా రాదు, మలేరియా ఎక్కువున్న అడవి ప్రాంతాల్లో ఇది తరతరాలుగా నిలిచిపోవడానికి కారణం అదే. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 40 ఏళ్లలోపు వారు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని పెట్టుకున్నారు. జబ్బున్నవాళ్లు నీళ్లు బాగా తాగాలి, చలిలో తడవకూడదు, టీకాలు వేయించుకోవాలి. జ్వరమొస్తే ఇంట్లో ఆగకూడదు. హైడ్రాక్సీయూరియా అనే మందు క్రమంగా వాడితే నొప్పులు బాగా తగ్గుతాయి. ఈ పిల్లలు నొప్పని ఏడిస్తే నాటకం అనే మాట దయచేసి అనకండి.

బాబుకి చిన్న దెబ్బ తగిలినా మోకాలు వాచిపోతోంది. ఏం చూపించాలి?

హీమోఫిలియా ఉందేమో చూడాలి. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన 8వ లేదా 9వ ఫ్యాక్టర్ తక్కువగా ఉండటం దీనికి కారణం. తల్లి ద్వారా ఎక్కువగా మగపిల్లలకి వస్తుంది, అయితే మూడో వంతు కుటుంబాల్లో ముందు ఎవరికీ ఉండదు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఏపీటీటీ పరీక్షతో మొదలుపెడతారు. తేలేదాకా కండకి ఇంజెక్షన్లు వేయించకండి, ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ ఇవ్వకండి, నొప్పికి పారాసిటమాల్ చాలు. వాచిన కీలుని కట్టువాళ్ల దగ్గరికి తీసుకెళ్లి పిండించడం అన్నిటికంటే ప్రమాదం. ఐస్ పెట్టి, కదపకుండా, ఫ్యాక్టర్ దొరికే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. మొదటి నెలసరి నుంచే గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తుంటే, పన్ను పీకించినప్పుడు రక్తం ఆగకపోతే, వాన్ విలబ్రాండ్ అనే ఇలాంటి లోపమే ఉండొచ్చు. "మా ఇంట్లో అందరికీ అంతే" అని అమ్మ చెప్పిందంటే అనుమానం ఇంకా పెరగాలి, ఎందుకంటే ఇది వంశంలో వచ్చేదే.

డెంగీలో ప్లేట్‌లెట్లు 40 వేలకి పడిపోయాయి. ఎక్కించాలా?

వానాకాలం వచ్చిందంటే అందరికీ ఇదే టెన్షన్. రక్తస్రావం లేకపోతే సాధారణంగా 10 వేల కంటే తగ్గేదాకా ఎక్కించాల్సిన పనిలేదు. డెంగీలో ఎక్కువగా ప్రాణం తీసేది ప్లేట్‌లెట్లు కాదు, రక్తనాళాల్లోంచి నీరు కారిపోయి బీపీ పడిపోవడం. అందుకే జ్వరం తగ్గిన తర్వాతి రెండు రోజులే అసలు జాగ్రత్తగా ఉండాల్సినవి. పొట్టనొప్పి, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం, చేతులు చల్లబడటం చూడండి. బొప్పాయి ఆకు రసం మీద చిన్న చిన్న పరిశోధనలున్నాయి గానీ ప్రాణాలు కాపాడుతుందని రుజువు కాలేదు. అది తాగి వాంతులు చేసుకుంటే ఉన్న నీరు కూడా పోతుంది.

జ్వరమేమీ లేకుండా రిపోర్టులో ప్లేట్‌లెట్లు తక్కువ వస్తే ముందు స్లైడ్ చూడమనండి. ట్యూబులో ఉండే రసాయనం వల్ల అవి ముద్దకట్టి, మిషన్ తక్కువ లెక్కపెట్టడం తరచూ జరిగేదే.

బట్టల్లో పెట్టే కలరా ఉండలకీ రక్తానికీ సంబంధమేంటి?

జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉన్న పిల్లలు (ఎక్కువగా మగపిల్లలు) కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ పీల్చినా, దాన్ని పెట్టిన బట్టలు తొడిగినా ఎర్ర కణాలు చితికిపోయి కామెర్లు వస్తాయి, మూత్రం కోకాకోలా రంగులోకి మారుతుంది. ప్రైమాక్విన్ లాంటి మలేరియా మందులతోనూ అంతే. పురిటి బిడ్డకి బీరువాలో దాచిన పాత బట్టలు ఉతక్కుండా తొడగకండి.

హిమోగ్లోబిన్ 18 ఉంది. మంచిదేగా?

కాదు. పొగతాగడం, నిద్రలో గురకతో ఊపిరి ఆగడం, లేదా మజ్జ సంబంధిత జబ్బు. రక్తం చిక్కబడితే పక్షవాతం, గుండెపోటు రావొచ్చు. చూపించుకోండి.

అమ్మానాన్న అమెరికా వస్తున్నారు. విమానంలో కాళ్లలో రక్తం గడ్డకడుతుందంటారు, నిజమేనా?

అందరికీ కాదు. ఇంతకుముందు గడ్డలు వచ్చినవాళ్లకి, ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్లకి, క్యాన్సర్ ఉన్నవాళ్లకి, బాగా లావుగా ఉన్నవాళ్లకి ప్రమాదం ఎక్కువ. నడవ పక్క సీటు (ఐల్ సీటు) అడిగి తీసుకోండి, గంటకోసారి పాదాలు పైకీ కిందకీ ఆడించమనండి. దిగాక ఒక్క కాలు మాత్రమే వాచి నొప్పి పెడితే నూనె రాసి మర్దన చేయొద్దు, గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. డాప్లర్ స్కాన్ చేయించాలి. ఉన్నట్టుండి ఆయాసం వస్తే 911కి ఫోన్ చేయాల్సిందే.

బ్లడ్ క్యాన్సర్ అంటే ఇక అంతేనా?

ఆ రోజులు పోయాయి. పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఏఎల్ఎల్ రకం మంచి చికిత్స అందితే చాలామందిలో పూర్తిగా నయమవుతుంది. సీఎంఎల్ రకానికి 2001లో వచ్చిన ఇమాటినిబ్ మాత్రతో బీపీ మాత్ర వేసుకున్నట్టు వేసుకుంటూ దశాబ్దాలు బతుకుతున్నారు. ఈ కథలో మన మనిషి ఒకరున్నారు: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని 1940ల్లో ఆయన బృందమే అమెరికాలో కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరుగుడుగా పనిచేసే మందులూ అక్కడే పుట్టాయి, అందులో ఒకటైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ పిల్లల లుకేమియాకి (బ్లడ్ క్యాన్సర్‌కి) వాడుతున్నారు.

తగ్గని జ్వరం, చర్మం మీద ఎర్ర చుక్కలు, కారణం లేని కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం, మెడలో గడ్డలు ఉంటే సీబీపీతో పాటు స్మియర్ (స్లైడ్ మీద కణాలు చూసే పరీక్ష) అడగండి. బ్లడ్ క్యాన్సర్ అంటదు, చాలావరకు వంశపారంపర్యం కూడా కాదు.

రక్తశుద్ధి మందులు వాడొచ్చా?

రక్తాన్ని శుభ్రం చేయడానికి కాలేయం, కిడ్నీలు ఉన్నాయి. పేరూ ఊరూ లేని భస్మాల్లో సీసం ఉంటే అదే రక్తహీనత తెస్తుంది.

రక్తం ఇస్తే నాకే రక్తం తక్కువవుతుందేమో?

ముందే హిమోగ్లోబిన్ చూసి, 12.5 ఉంటేనే తీసుకుంటారు. మగవాళ్లు మూడు నెలలకి, ఆడవాళ్లు నాలుగు నెలలకి ఒకసారి ఇవ్వొచ్చు. ఎండాకాలంలో కాలేజీలకి సెలవులు రాగానే క్యాంపులు ఆగిపోతాయి, తలసేమియా పిల్లల వంతులు వెనక్కి జరుగుతాయి. ఇవ్వాలనుకుంటే ఏప్రిల్, మే నెలల్లో ఇవ్వండి.

ఇంత ఖర్చు ఎక్కడి నుంచి తేవాలి?

తలసేమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ మూడూ 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్నాయి, సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బులకి నెలనెలా పింఛను ఇస్తున్నారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ చికిత్స వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని అడగండి. వెళ్లేటప్పుడు పాత సీబీపీ రిపోర్టులన్నీ తేదీల వారీగా పెట్టుకుని తీసుకెళ్లండి, రక్తం ఎక్కించాల్సి వస్తే ఎక్కించకముందే హెచ్‌పీఎల్‌సీకి శాంపిల్ తీయమని చెప్పండి, ఎందుకంటే వేరేవాళ్ల రక్తం కలిశాక మూడు నెలల దాకా ఆ పరీక్ష సరిగ్గా రాదు.